మూడు కాళ్ల మీద నూట అరవై ఏళ్లు

హైదరాబాదు, సికిందరాబాదుల ఫోటోలతో 1862లో లండన్‌లో ఒక పుస్తకం వెలువడింది. మద్రాసు ఫిరంగిదళంలో కెప్టెన్‌గా ఉన్న అలన్ స్కాట్ తీసిన వంద స్టీరియో చిత్రాలు అందులో ఉన్నాయి. ఒకే దృశ్యాన్ని కొద్దిపాటి ఎడంతో రెండుగా పట్టి, జంట అద్దాల్లోంచి చూస్తే లోతు తెలిసేలా కూర్చిన చిత్రాలవి. ఆనాడు చెలామణిలో ఉన్నది తడి కొలోడియన్ పద్ధతి. గాజు పలకకు కొలోడియన్ పూయాలి, చీకట్లో సిల్వర్ నైట్రేటులో ముంచాలి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి బొమ్మ తీయాలి, మళ్లీ పరుగున గుడారంలోకి తెచ్చి కడగాలి. మన ఎండల్లో ఆ తడి నిలిచేది నిమిషాలే. షట్టర్ అంటూ లేదు. లెన్సు మీది మూత చేత్తో తీసి, మనసులో అంకెలు లెక్కపెట్టి, మళ్లీ మూసేవారు. ఆ కొన్ని క్షణాలూ కెమెరా వెంట్రుకవాసి కదిలినా గుడారంలో పడ్డ పాట్లన్నీ వృథా. ఆనాటి ఫోటోకు లెన్సు ఎంత ముఖ్యమో, దాన్ని మోసిన మూడు చెక్క కాళ్లూ అంతే ముఖ్యం.

ఆ మూడు కాళ్లను కనిపెట్టినవారు ఫోటోగ్రాఫర్లు కారు. వాళ్లకంటే ముందే భూమిని కొలిచేవాళ్లు ఈ దారిన నడిచారు. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర తన తొలి కొలత గీత గీసి, కోణాలు కొలిచే అర టన్ను బరువున్న థియోడొలైట్‌ను వెంటబెట్టుకుని దక్షిణాపథమంతా కొలుచుకుంటూ వచ్చాడు. 1818 చివరిలో జార్జ్ ఎవరెస్ట్ ఆయనకు సహాయకుడిగా చేరింది హైదరాబాదులోనే. కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో కొలతలు తీస్తూ ఎవరెస్ట్ విషజ్వరం పాలయ్యాడు. లాంబ్టన్ 1823లో నాగపూరు దారిలో హింగన్‌ఘాట్ దగ్గర కన్నుమూశాడు. ఆ మహాయంత్రానికి తోడుగా నడిచిన చిన్న పరికరాలు మూడు కాళ్ల స్టాండ్ల మీదే నిలిచేవి. నాలుగు కాళ్లదైతే ఎగుడుదిగుడు నేల మీద ఒక కాలు గాలిలో తేలుతుంది. మూడు బిందువులు మాత్రం ఎక్కడ పెట్టినా ఒకే తలంలో ఉంటాయి కాబట్టి, బండ మీదైనా చేనిగట్టు మీదైనా ముక్కాలి ఊగదు. కాళ్ల చివర ఇనుప మొనలు, నేలలో గుచ్చడానికి వాటి పక్కన మడమతో తొక్కే కొక్కెం, సమతలం చూసే నీటిబుడగ అన్నీ సర్వే శిబిరాల నుంచి వచ్చినవే.

ఈ రెండు విద్యలూ కలిసిన మనిషి లాలా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలోని థామసన్ కాలేజీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో కొలువు చేశాడు. అక్కడే కెమెరా పట్టాడు. 1880ల నడుమ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఆస్థాన ఫోటోగ్రాఫరయ్యాడు, సికిందరాబాదులో స్టూడియో తెరిచాడు. 1892లో అంతఃపుర స్త్రీల కోసం జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతికి అప్పగించాడు. నిజాం ఆయనకు రాజా బహద్దూర్ ముసవ్విర్ జంగ్ బిరుదునిచ్చాడు. 1905లో ఆయన పోయాక చెదిరిపోగా మిగిలిన గాజు నెగెటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి.

దీన్‌దయాళ్ తీసిన కట్టడాల బొమ్మల్లో నన్ను ఎప్పుడూ ఆపేది నిలువు గీతలు. స్తంభాలు స్తంభాల్లాగే నిటారుగా ఉంటాయి, వెనక్కి వాలవు. ఆ నిటారుతనం లెన్సు ఒక్కటే ఇచ్చేది కాదు. కెమెరా వెనుక పలక భూమికి సరిగ్గా లంబంగా ఉంటేనే గోడ నిలబడుతుంది. మట్టం సరిచూసి కాళ్లు సర్దడం కొలతల చదువు చదివినవాడికి వేరే చెప్పాలా? పన్నెండు అంగుళాల గాజు పలక పట్టే చెక్క కెమెరాను ఎంత బరువైనదైనా ఎక్కించి దించుకునే మనుషులు ఆయన దగ్గర ఉన్నారు, ఆ వసతి ఆయన పనిలో కనిపిస్తుంది. ఆయన హైదరాబాదు వచ్చేనాటికి డ్రై ప్లేట్లు అమ్మకానికి వచ్చేశాయి. గుడారంలో తడి పూతల అవస్థ తప్పింది, క్షణంలో పదోవంతూ వందోవంతూ లెక్కల్లోకి వచ్చాయి. సైనిక విన్యాసాలను, గుర్రాలను సైతం ఆయన పట్టగలిగాడు. అయినా స్టాండు వదల్లేదు.

దానికి కారణం తెలియాలంటే ఆ కెమెరాతో పనిచేసే వరుస తెలియాలి. నల్లగుడ్డ కింద తల దూర్చి, వెనుక గరుకు అద్దం మీద తలకిందులుగా పడే బొమ్మను చూసి ఫోకస్ సరిచేస్తారు. ఆ తర్వాత అద్దాన్ని పక్కకు జరిపి, ప్లేటు ఉన్న హోల్డరును అదే చోట తోస్తారు. దాని ముందు పలక పైకి లాగుతారు, బొమ్మ తీస్తారు, పలక మళ్లీ దించుతారు. చూసిన క్షణానికీ తీసిన క్షణానికీ మధ్య కెమెరాను అన్నిసార్లు తాకాలి. స్టాండు మెత్తనిదైతే చూసిన బొమ్మ ఒకటి, పడిన బొమ్మ ఇంకొకటి. కాబట్టి స్టాండు పని కెమెరాను కిందపడకుండా మోయడంతో తీరదు. తాకినా తోసినా కెమెరా మళ్లీ తన చోటికే వచ్చి నిలవాలి. ఈ రోజు దుకాణంలో స్టాండు ఎంచేవాడు పట్టుకోవలసిన కొలతా ఇదే. ఎన్ని కిలోలు మోస్తుందని అందరూ అడుగుతారు, తాకి వదిలాక ఎంత త్వరగా కుదురుకుంటుందని అడిగేవారు తక్కువ.

మన చిన్న ఊళ్ల స్టూడియోలు ఆ చెక్క ముక్కాళ్లను ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా కాపాడుకున్నాయి. బడి ఆవరణలో పిల్లలను మూడు వరుసల్లో కూర్చోబెట్టి తీసిన గ్రూపు ఫోటోలు ఇంటింటా గోడలకు వేలాడాయి, వాటిలో ప్రతి ముఖమూ గుర్తుపట్టగలం. 1925లో లీప్‌జిగ్ సంతలో లైకా వచ్చాక పత్రికలవాళ్లు, యాత్రికులు కాళ్లు వదిలేసి చేతుల మీద ఆధారపడ్డారు. పెళ్లి ఫోటోలకు ఫ్లాష్ వచ్చింది. స్టాండు స్టూడియో మూలకు చేరింది.

అది మహారాణిలా బతికిన చోటు మరొకటి ఉంది, సినిమా. 1957 నాటి మాయాబజార్‌లో మార్కస్ బార్ట్లే వెన్నెలను, మాయలను కెమెరాలోనే పండించాడు. నాలుగేళ్ల తర్వాత వచ్చిన సీతారామ కళ్యాణం, స్టాండు గురించి మాట్లాడే ఎవరైనా నిలబడి చూడవలసిన సినిమా. ఎన్.టి. రామారావు దర్శకత్వం వహించిన తొలి చిత్రమది, రావణుడూ ఆయనే. కెమెరామన్‌గా రవికాంత్ నగాయిచ్‌కూ అదే తొలి సినిమా. రావణుడికి పది తలలు కనిపించాలి, కంప్యూటర్లు లేవు. లెన్సు ముందు నల్లని మాస్కు పెట్టి, ఒక తల పడే చోటు మాత్రం తెరిచి తీస్తారు. ఫిల్మును వెనక్కి తిప్పి, మాస్కు మార్చి, పక్క తల పడే చోటు తెరిచి మళ్లీ అదే ఫిల్ము మీద తీస్తారు. ఇలా తల తర్వాత తల. నటుడు శిలలా నిలవాలి, కెమెరా అంతకంటే శిలలా నిలవాలి. ఫిల్ము రంధ్రాల్లో పళ్లు ప్రతిసారీ అదే చోట పడాలి. మధ్యలో ఎవరైనా పొరపాటున స్టాండుకు తగిలితే ఒక తల పక్క తలను కోస్తుంది, లేదా రెండు తలల మధ్య నల్ల చీలిక పడుతుంది, అంతవరకు తీసిందంతా పోతుంది. తెలుగువాళ్లు తరాలుగా చప్పట్లు కొట్టిన ఆ దృశ్యం వెనుక కదలని మూడు కాళ్లు, వాటి మీద కెమెరాను పట్టుకునే, బిగించిన ఒక హెడ్డు ఉన్నాయి. నటనకు, కెమెరాపనికి దక్కిన కీర్తిలో నేను ఆ ఇనుముకూ వాటా ఇస్తాను.

అంతకు ముందే హెడ్డు వేరొక దారిలో ఎదగడం మొదలైంది. స్టూడియోల్లోని బరువైన కెమెరాలను పళ్లచక్రాల హెడ్డు మీద రెండు చేతిచక్రాలతో తిప్పేవారు. 1940ల్లో ఆస్ట్రేలియాలో ఎరిక్ మిల్లర్ చిక్కటి ద్రవం నింపిన హెడ్డు తయారుచేశాడు. ద్రవం ఒరిపిడి వల్ల కెమెరా కుదుపు లేకుండా మొదలై కుదుపు లేకుండా ఆగుతుంది. అమెరికాలో చాడ్వెల్ ఓకానర్ ఆవిరి రైళ్లను సినిమా తీయాలన్న సరదాతో ఇలాంటిదే చేసుకుంటే, వాల్ట్ డిస్నీ బృందం దాన్ని అందిపుచ్చుకుంది. ఇప్పుడు వీడియో తీసే ప్రతివాడూ అడిగే ఫ్లూయిడ్ హెడ్డు ఆ వంశానిదే. తర్వాత 1970ల్లో కెమెరామన్ ఒంటికి తొడుక్కుని నడిచే గారెట్ బ్రౌన్ స్టెడీకామ్ వచ్చింది. 1989లో రామ్‌గోపాల్ వర్మ శివలో ఎస్. గోపాలరెడ్డి కెమెరా హైదరాబాదు సందుల్లో పరిగెత్తినప్పుడు తెలుగు ప్రేక్షకుడు కుర్చీ అంచుకు జరిగాడు. ఇక స్టాండు పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. పరుగుకు స్టెడీకామ్ కావాలి, నిజమే. పది తలలకు కాదు.

ఫోటోల స్టాండు చెక్క నుంచి లోహానికి, లోహం నుంచి కార్బన్ ఫైబర్‌కు మారడం యూరప్‌లో జరిగింది. జర్మనీలో 1898లో మొదలైన బెర్లెబాక్ ఇప్పటికీ చెక్కతోనే చేస్తోంది, వణుకును చెక్క తనలో ఇంకించుకుంటుంది కనుక ఆ పద్ధతికి నేటికీ అభిమానులున్నారు. 1917లో ఫ్రాన్స్‌లో పుట్టిన గిట్జో కెమెరాలు, షట్టర్లు చేసి, రెండో ప్రపంచయుద్ధం తర్వాత స్టాండ్లలోకి వచ్చింది. ఇటలీలో బస్సానో పట్టణపు పత్రికా ఫోటోగ్రాఫర్ లీనో మాన్‌ఫ్రోట్టో తనకు నచ్చిన సరుకు దొరక్క తానే చేయడం మొదలుపెట్టి, 1970ల్లో తేలికైన స్టాండు తెచ్చాడు. 1994లో గిట్జో కార్బన్ ఫైబర్ కాళ్లు తెచ్చాక కొండలెక్కేవాళ్ల బరువు దిగింది. ఘనపు సెంటీమీటరుకు అల్యూమినియం 2.7 గ్రాములైతే, కార్బన్ ఫైబర్ గొట్టం సుమారు 1.6 గ్రాములు.

ఇక హైదరాబాదు శివారు పారిశ్రామికవాడ జీడిమెట్లకు వద్దాం. ఈ ఊరు ఫోటోల చరిత్రలో కనిపించదు. కానీ స్టాండు ఎందుకు వణుకుతుందో పుస్తకం చదవకుండానే చెప్పగల మనుషులు ఇక్కడి యంత్రాల షెడ్లలో ఉన్నారు. సికిందరాబాదులో 1943లో యంత్రాల కంపెనీ ప్రాగా టూల్స్ వచ్చింది. 1965లో నర్సాపూర్ రోడ్డు మీద హెచ్.ఎం.టి. తన అయిదో యంత్రాల ఫ్యాక్టరీ పెట్టింది. 1968లో బాలానగర్‌లో టూల్ డిజైన్ సంస్థ తెరుచుకుంది. వాటి నీడన చింతల్, కుత్బుల్లాపూర్, జీడిమెట్ల చుట్టూ లేత్‌లు, మిల్లింగ్ మెషిన్లు, డైకాస్టింగ్ షెడ్లు వెలిశాయి. లేత్ మీద పనిచేసే కుర్రవాడికి మేస్త్రీ మొదటి వారంలోనే చెప్పే మాట ఒకటుంది: టూల్ ఎంత బయటికి పెడితే అంత వణుకు. పొడవు రెట్టింపైతే అదే బలానికి వంగడం ఎనిమిది రెట్లు. స్టాండు మధ్యలో పైకి లాగే సెంటర్ కాలమ్ అచ్చంగా ఆ బయటికి వచ్చిన టూలే. మూడు కాళ్ల బలాన్ని ఒక్క గొట్టానికి అప్పగించడం అది. అందుకే కాలమ్ లేపకుండానే కెమెరా కంటి ఎత్తుకు రావాలి, ఎంపికలో నా మొదటి షరతు ఇది.

గొట్టం సంగతీ ఆ మెషిన్ షాపు లెక్కే. రేకు మందం మారకుండా గొట్టం వ్యాసం రెట్టింపైతే వంగకుండా నిలిచే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. కాబట్టి నాలుగైదు మడతల సన్న కాళ్ల కంటే మూడు మడతల లావు కాళ్లు మేలు. మడతలు పెరిగేకొద్దీ చివరి గొట్టం పెన్సిలంత సన్నబడుతుంది, ప్రతి కీలూ ఒక వదులు. సంచిలో పట్టే చిన్న స్టాండు ప్రయాణానికి హాయి, కానీ గాలి వీచే చెరువుగట్టు మీద నిలిచినప్పుడు దాని లోపం తెలుస్తుంది. బరువు మోసే సామర్థ్యమని పెట్టె మీద వేసే కిలోల అంకెను చూసి మోసపోవద్దు. ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా తేలుస్తుంది, పైగా అది విరగకుండా మోసే బరువే తప్ప వణకకుండా నిలిపే శక్తి కాదు.

ఎంత వణుకు ఎక్కువో లెక్కేస్తే ఆశ్చర్యమేస్తుంది. నలభై అయిదు మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌లో ఒక పిక్సెల్ వెడల్పు సుమారు 4.4 మైక్రాన్లు. 200 మిల్లీమీటర్ల లెన్సు వేశామనుకుందాం. హెడ్డుకు 20 సెంటీమీటర్ల దూరంలో ఉన్న లెన్సు మొన నాలుగు మైక్రాన్ల పైచిలుకు వంగితే చాలు, బొమ్మ ఒక పిక్సెల్ జరిగినట్టే. తలవెంట్రుక మందం అంతకు పదిరెట్ల పైమాటే. దీన్‌దయాళ్ పలక మీద కనిపించకుండా పోయిన కదలిక ఈ రోజు కంప్యూటర్ తెర మీద నిలువునా కనిపిస్తుంది. కెమెరాలు చిన్నవయ్యాయి కనుక స్టాండు కూడా బలహీనమైనది చాలుననే మాట అందుకే తప్పు.

కెమెరాలోనే వణుకును సరిదిద్దే ఏర్పాటు ఉందిగా అనవచ్చు. మార్చుకునే లెన్సుల్లో 1995లో కానన్ 75-300తో మొదలై, తర్వాత సెన్సరే కదిలే పద్ధతిదాకా వచ్చిన ఆ విద్య గొప్పదే. చేతిలో పట్టుకుని తీసే బొమ్మకు అది వరం. కానీ సైబర్ టవర్స్ చుట్టూ రాత్రి వాహనాల వెలుగు గీతలు ముప్ఫై సెకన్లపాటు పట్టాలంటే, 1998లో ఆ భవనం తెరిచినప్పుడు ఎలా తీయాలో ఇప్పుడూ అలాగే తీయాలి. స్టాండు మీద పాత లెన్సుల్లో ఆ ఏర్పాటును ఆపేయడం మంచిది, లేని వణుకును వెతికి బొమ్మను తానే చెదరగొట్టే గుణం కొన్నింటికి ఉంది. దుర్గం చెరువు కేబుల్ వంతెన 2020లో తెరుచుకున్నాక వంతెన మీదే స్టాండు వేసేవారు ఎక్కువయ్యారు. బస్సు వెళ్లిన ప్రతిసారీ డెక్కు కదులుతుంది, అక్కడ ఎంత ఖరీదైన స్టాండైనా వంతెనతోపాటే ఊగుతుంది. గట్టు మీద నేలకు దిగి తీయాలి. జీడిమెట్ల చెరువు అని మనం పిలిచే ఫాక్స్‌సాగర్ గట్టున మెత్తని మట్టిలో రబ్బరు పాదాలు జారతాయి, ఇనుప మొనలు కావాలి. కింద కొక్కేనికి సంచి వేలాడదీస్తే నేలను తాకేలా వేలాడదీయాలి, గాలిలో ఊగితే మేలు కంటే కీడే ఎక్కువ. చార్మినార్, గోల్కొండ లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో స్టాండు నిలపాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి.

హెడ్డు ఎంపిక తీసే బొమ్మను బట్టి ఉంటుంది. తిరిగి తిరిగి రకరకాలు తీసేవారికి బంతి కీలు మీద ఎటైనా వాలే బాల్ హెడ్ చాలు, కానీ బిగించిన తర్వాత ఫ్రేము కిందికి జారుతుందేమో చూడాలి. బరువైన లెన్సు వేసి, తెర మీద బొమ్మను పదిరెట్లు పెద్దదిగా పెట్టుకుని, ఒక మూలను గుర్తు పట్టి బిగించండి. గుర్తు జారితే ఆ హెడ్డు వద్దు. తర్వాత కాళ్లన్నీ పూర్తిగా చాచి, ఒక కాలిని వేలితో తట్టి, తెర మీద బొమ్మ కుదురుకునేదాకా చూడండి. కెమెరా పట్టుకుని మెల్లగా మెలితిప్పి వదలండి, వెనక్కి సరిగ్గా అక్కడికే రావాలి. కోఠిలోనో ఆబిడ్స్‌లోనో దుకాణంవాడు ఈ పరీక్షలకు ఒప్పుకోకపోతే మరో దుకాణానికి నడవండి. కట్టడాలు తీసేవారికి పళ్లచక్రాల హెడ్డు డబ్బుకు తగ్గ విలువ ఇస్తుంది, దీన్‌దయాళ్ నిలువు గీతలు దానితో సులభంగా దొరుకుతాయి. అమీన్‌పూర్ చెరువు పక్షుల కోసం 600 మిల్లీమీటర్ల లెన్సు మోసేవారికి లెన్సు బరువు మధ్యలో తూగే గింబల్ హెడ్డు కావాలి. డబ్బు పరిమితమైతే ముందు కాళ్లమీద పెట్టండి. హెడ్డు రేపు మార్చుకోవచ్చు, వణికే కాళ్లమీద ఏ హెడ్డూ నిలవదు.

కెమెరా అడుగున ఉండే మర రంధ్రం కొలత పావు అంగుళం, అంగుళానికి ఇరవై మరలు. కాళ్లకూ హెడ్డుకూ మధ్యది మూడు సూతులు (అంగుళంలో మూడు ఎనిమిదో వంతులు), అంగుళానికి పదహారు. 1841లో విట్‌వర్త్ ఇంగ్లండులో స్థిరపరిచిన మరలవే ఈ అంకెలు, తర్వాత మర కోణం 55 డిగ్రీల నుంచి 60కి మారినా లెక్క మారలేదు. అందుకే తాతల నాటి కెమెరా ఈనాటి స్టాండు మీదికి ఎక్కుతుంది. ఫోటో పరికరాల్లో ఇది చాలా పాత ఒప్పందం. ఆ మరతో కెమెరా అడుగుకు బిగించి హెడ్డులో చొప్పించే ఆర్కా-స్విస్ పద్ధతి ప్లేటు, సుమారు 38 మిల్లీమీటర్ల వెడల్పు, 45 డిగ్రీల వాలు అంచులు, నేడు దాదాపు అందరికీ ఉమ్మడి కొలతయింది.

ఈ కొలతలు చూసిన ప్రతిసారీ ఇవి మన దగ్గరే తయారవ్వాలన్న కోరిక ఒకటి నాకు కలుగుతుంది, దాన్ని దాచుకోను. మన దుకాణాల అరల్లో ఎక్కువగా కనిపించేవి ఇటలీ, చైనా పేర్లు. నమూనాలు చేసుకునే వారి కోసం రాయదుర్గంలో 2023 మార్చిలో టీ-వర్క్స్ తెరుచుకుంది, ఇక్కడ జీడిమెట్ల షెడ్లలో సి.ఎన్.సి. మెషిన్లు రాత్రింబవళ్లు తిరుగుతున్నాయి. బంతిని మైక్రాన్లలో గుండ్రంగా తీయాల్సిన బాల్ హెడ్‌తో మొదలుపెట్టనక్కర్లేదు. ముందు ప్లేటు చాలు: 6061 అల్యూమినియం దిమ్మ, రెండు వాలు అంచులు, కెమెరా తిరిగిపోకుండా వెనుక చిన్న అంచు, మధ్యలో రెండు సూతుల మర, పైన అనొడైజింగ్. ఆయా కెమెరా అడుగుకు అతికినట్టు సరిపోయే ఆ ప్లేటు దిగుమతి చేస్తే వేలల్లో పలుకుతుంది. ఇక్కడ చిన్న మిల్లింగ్ సెంటర్ మీద ఒక షిఫ్టులో పదుల సంఖ్యలో తీయవచ్చు. అది నిలదొక్కుకున్నాక బిగింపు పట్టు, ఆ తర్వాత కాళ్లు కలిసే పైభాగం పోత, ఆపైన బంతి.